బొంబాయి, షోలాపురములందు మనవారి యిండ్లు – వారి యారోగ్యము

ఈ సంచికకు ఒక చరిత్రవ్యాసమును వ్రాయవలసినదని సంపాదకులు మమ్ము గోరినప్పుడు, భావనాఋషి వృత్తాంతమునో మార్కండేయ మహర్షి మహిమనో విస్తరింతుమని వారు తలంచియుందురు. ఆ విషయములను పెద్దలు మాకంటె చక్కగా వ్రాసియున్నారు. మేము వేఱొక త్రోవ పట్టితిమి. పొట్ట చేతబట్టుకొని తెలంగాణమునుండి పడమటికి బోయిన మనవారు ఎట్టి యిండ్లలో గాపురముండిరి, ఈ యిల్లు రేపు మనదగునో కాదో యను దిగులు వారి దేహములను, మనస్సులను ఎట్లు కృశింపజేసెను అనునది యీ వ్యాసమునకు విషయము.

సంస్కృతమున క్షయశబ్దమునకు రెండర్థములు గలవు. ఇల్లు అనునది యొకటి, తరుగుదల యనునది మఱియొకటి. అమరసింహుడు నానార్థవర్గమున ఈ రెండింటిని చెప్పినాడు. పాణిని మహర్షి, నివాసార్థమున నున్న క్షయశబ్దమునకు మొదటి యచ్చు ఉదాత్తమగునని చెప్పుటకై ప్రత్యేకముగా నొక సూత్రమునే రచించెను. స్వర మొక్కటి మాఱినచో నిల్లు కాస్త రోగమగునన్నమాట. పాఠశాలలో ఈ సంగతిని పిల్లలకు వినోదముగా జెప్పుచుంటిమి. ఆ రెండర్థములును ఒక్క గదిలోనే కలిసి కాపురము చేసిన చరిత్ర బొంబాయిలో గలదు.

మొదట ఊరి సంగతి. నేతగానికి ఇల్లు కేవలము నిద్రించుచోటు గాదు. గుంటమగ్గ మింటిలోనే యుండును. ఇల్లాలు కండెలు చుట్టును, ముసలివారు ఆసు పోయుదురు, పడుగు చాచుటకు ఇంటిముందరి వీథి యుండవలెను. ఇతర వృత్తులవానికి ఇల్లు పోయినచో పని మిగులును; మనవానికి ఇల్లు పోయినచో మగ్గమును పోవును. గుంటలో కాళ్లుంచి దినమెల్ల గూర్చుండుటచే గలుగు తేమబాధలు, నడుమునొప్పులు లేకపోలేదు. ఆ పాత యిండ్లన్నియు స్వర్గములని మేము చెప్పబోము. ఐనను, లెమ్మని యెవ్వరును వాకిట నిలిచి చెప్పని చోటది.

1854వ సంవత్సరమున కావస్జీ దావరు బొంబాయిలో నూలుమిల్లు సంఘమును స్థాపించెను. అంతకు పూర్వమే, 18వ శతాబ్ది చివరనుండి, నైజాము సీమనుండి పోయిన తెలుగు కూలీలు అచట పల్లపునేలలు పూడ్చి మేడలు గట్టుచుండిరి. వారిని కామాఠీలని పిలిచిరి. కామాఠీపురమునకు ఆ పేరు వారివలన వచ్చినదే. ఇతరుల కిండ్లు గట్టినవారి పేటకు తరువాత వచ్చిన యపకీర్తి లోకమెఱిగినదే కాని, దానిని మొట్టమొదట నివాసయోగ్యముగా జేసినవారు మన దేశమువారని తెలిసినవారు తక్కువ. 1874లో నైజాము రైలుమార్గము సికింద్రాబాదును వాడీతో గలిపినది. 1876 మొదలు 1878 వఱకు దక్షిణాపథమున ఘోరమైన కఱవు వచ్చినది. సీమనూలు, మిల్లుబట్ట మగ్గమును అప్పటికే దెబ్బతీసియుండెను. కఱవు తఱిమినది, రైలు మోసికొనిపోయినది. కొందఱు షోలాపురమున దిగిరి, కొందఱు బొంబాయివఱకు సాగిరి.

బొంబాయిలో వారికి దొరకినది చాళు. నడుమ నొక చీకటి నడవ, దాని కిరువైపుల వరుసగా గదులు, గదికొక కాపురము. ఆ కాపురముతోపాటు ఊరినుండి వచ్చిన బావమఱదులు, పినతండ్రి కొడుకులు, ఉండుటకు చోటులేని సాటి కులమువాడొకడు. పగటిపనివాడు లేచినచోట రాత్రిపనివాడు పండుకొనును. అద్దె చీటీ యొకని పేరనే యుండును. అతడు చచ్చినను, మిల్లుపని యూడినను, తక్కినవారి బ్రతుకు వీథిపాలు.

1896 సెప్టెంబరులో మాండవీ పేటయందు డాక్టరు వియేగాసు అను వైద్యుడు ప్లేగు రోగమును గుర్తించెను. రేవునకు దగ్గఱగా ధాన్యపు కొట్లు, వాని నిండ ఎలుకలు, వాని మీద జనులు. ఎలుకలమీది గోమారులవలన నిది వ్యాపించునని సిమోండు అను ఫ్రెంచి వైద్యుడు 1898లో గాని కనుగొనలేదు. అంతకు ముందు దొరతనమువారికి తెలిసిన దొక్కటే: తప్పు ఇంటిది. కావున నింటిమీద యుద్ధము ప్రకటించిరి. 1897 ఫిబ్రవరిలో అంటురోగముల చట్టము వచ్చెను. సైనికులు, అధికారులు ఇండ్లలో జొరబడి గోడలకు సున్నము వేయించిరి, నేలలు త్రవ్వించిరి, ఎండ పడుటకై పైకప్పుల పెంకులు తీయించిరి, రోగులను ఆసుపత్రులకును తక్కినవారిని శిబిరములకును తరలించిరి. మనుష్యనివాసమునకు తగదని కొన్ని యిండ్ల గోడలపై నక్షరములు వ్రాయించిరి. తమ ద్వారముమీద ఆ యక్షరములను చూచిన గృహిణి మనఃస్థితి ఏ నివేదికకును ఎక్కలేదు.

జనులేమి చేసిరి? 1896 అక్టోబరు 29వ తేదీన వేయిమందివఱకు మిల్లుకూలీలు ఆర్థరురోడ్డు ఆసుపత్రిమీద బడిరి. 1898 మార్చి 9వ తేదీన మదనపురమున జులాహాలు, అనగా ఉత్తరదేశపు ముసల్మాను నేతగాండ్రు, ఒక పండ్రెండేండ్ల బాలికను కొనిపోవచ్చిన ప్లేగు అధికారుల నెదిరింపగా ఆ కలహము నగరమెల్ల ప్రాకెను. మతము వేఱైనను వారును మగ్గమువారే. రోగమునకంటె ఇల్లు విడిపించుటకే వారెక్కువ భయపడిరి. దీనిని మూఢత్వమని ఆనాటి పత్రికలు కొన్ని వ్రాసినవి. మా యభిప్రాయమది కాదు. ఆసుపత్రికి పోయినవాడు మరల రాడని వారు కండ్లార జూచుచుండిరి. వచ్చినను గది మిగిలియుండునను నమ్మకము లేకుండెను. ఇట్టి స్థితిలో రోగమును దాచుట బుద్ధిహీనత యనజాలము, అది నిరాశ్రయుని లెక్క. అయితే ఆ లెక్కకు మూల్యము అందఱును చెల్లించిరి. దాచిన యింట రోగము పెరిగినది. కొద్ది మాసములలోనే నగరవాసులలో దాదాపు సగముమంది పారిపోయిరి, పారిపోయినవారితో రోగమును ప్రయాణము చేసెను. 1891లో 8,21,764గా నున్న జనసంఖ్య 1901 నాటికి 7,76,006కు దిగెను.

1898లో బొంబాయి నగరాభివృద్ధి ట్రస్టు ఏర్పడినది. గాలి వెలుతురు లేని పేటలను పడగొట్టి విశాలమైన వీథులు వేయుట దాని పని. నాగపాడ మొదలు కొని ఇండ్లు కూల్చిరి, వీథులు వెలసినవి. తొలి సంవత్సరములలో పడగొట్టినంత వేగముగా కట్టలేదు. వెడలగొట్టబడినవారు ప్రక్కపేటల గదులలో మఱింత క్రిక్కిరిసి యుండవలసివచ్చెను. ఒక పుండు కోసి దాని చీమును ప్రక్కనున్న కండలోనికి నెట్టినట్లు.

ఐనను ఆ ట్రస్టు అధ్యక్షుడైన ఓర్ దొరగారు చెప్పిన సూత్రమొకటి మాకు మిక్కిలి నచ్చినది. గది కిటికీకి ఎదుటనున్న కట్టడపు శిరోభాగమునుండి గీచిన రేఖ గది గోడ మొదటికి 63½ డిగ్రీల కోణమునకు మించకుండవలెనని ఆయన వాదించి, 1912లో ఈ విషయమునే ఉపన్యసించెను. బడిపిల్లల క్షేత్రగణితములో జెప్పినచో: కట్టడము నలువది యడుగుల యెత్తుండిన, దాని కెదుట నిరువది యడుగుల బయలు విడువవలెను, ఎత్తులో సగము. అంత మాత్రమే. అది యున్నచో నేలగదికిని ఆకాశము గనబడును. సూర్యరశ్మి క్షయరోగక్రిములను చంపునని, గాలి పాఱుచోట అవి పలుచనై పోవునని వైద్యశాస్త్ర మెఱిగినదే. ఈ సగపు లెక్కను పాఠకులు మఱువకుందురు గాక. దానితో మరల పనిపడును.

1920లో గవర్నరు జార్జి లాయిడు కాలమున బొంబాయి అభివృద్ధిశాఖ పుట్టెను. బస్తా పత్తికొక రూపాయి సుంకము విధించి, ఆ సొమ్ముతో ఏబదివేల గదులు గట్టుదుమనిరి. కట్టినవి వర్లీ, నాయగావు, డిలైలురోడ్డు, శివడీలలో 207 చాళ్లు. చాళునకు 80 గదుల చొప్పున పదునారువేల యైదువందలు పైచిలుకు. గది 160 చదరపుటడుగులు. వర్లీ గదులు చాలకాలము ఖాళీగా బడియుండెను: మిల్లులకు దూరము, అద్దె భారము, నీటికి సౌకర్యము తక్కువ. నగరమున గదిలేక జనులు నలుగుచుండగా గదులు మనుష్యులులేక యుండెను! క్రమముగా అవి నిండినవి. వర్లీ, పరేలు ప్రాంతములలో మన తెలుగువారు వేలసంఖ్యలో స్థిరపడిరి. పండుగలు, పెండ్లిండ్లు, మార్కండేయ జయంతులు ఆ నడవలలోనే జరిగినవి.

ఆ కాలపు లెక్కలు రెండు చూపుదుము. 1921–22లో కార్మికశాఖవారు జరిపిన కుటుంబవ్యయ పరిశీలనలో శ్రామికకుటుంబములలో నూటికి 97 ఒక్క గదిలో నుండినట్లు తేలెను. బర్నెట్ హర్‌స్ట్ పండితుడు 1925లో ప్రకటించిన గ్రంథమున, 1921లో ఒక గదిలోనో అంతకు తక్కువ చోటనో పుట్టిన శిశువులలో వేయింటికి 828 మంది యేడాది నిండకుండ మరణించినట్లును, నాలుగు గదులు, అంతకు మించిన యిండ్లలో వేయింటికి 133 మంది మాత్రమే మరణించినట్లును గలదు. ఈ మొదటి యంకెను ఉన్నదున్నట్లుగా గ్రహింపరాదు. పురిటికై తల్లులు స్వగ్రామములకు పోవుచుండిరి గనుక జననము అచట వ్రాయబడి, మరణము మాత్రము నగరపు పద్దులో జేరుచుండెను. కొంత తగ్గించి చూచినను రెండింటి నడుమ నంతర మెంతో మిగులును. బిడ్డ యేడ్చిన ప్రక్కవారు నిద్రలేమికి కసరుదురని, తాను మిల్లునకు బోవలెనని తల్లులు నల్లమందు పెట్టి బిడ్డలను నిద్రపుచ్చుటయు ఆ దినములలో వైద్యులు గమనించిరి. వారిని నిందించుటకు మా నోరాడదు. గోడ పలుచన, పొరుగు దగ్గఱ, గది పరునిది.

ఇంటి మేలెఱుగువారు గది మార్చినంతనే రోగము పోవునని తలంతురు. ఇంగ్లండులో స్టాక్టను పట్టణమున జరిగిన సంగతి వేఱొకటి చెప్పుచున్నది. 1927లో అచటి మురికిపేటనుండి 710 మందిని చక్కని క్రొత్త యిండ్లకు మార్చిరి. ఐదేండ్లకు లెక్క చూడగా వారి మరణములు వేయింటికి 22.91 నుండి 33.55కు పెరిగెను, మురికిపేటలోనే మిగిలిన వేఱొక వర్గమువారి మరణములు తగ్గెను. ఆ పట్టణపు ఆరోగ్యాధికారి మెగోనిగిల్ కారణము వెదకెను. క్రొత్త యింటి యద్దె హెచ్చు. అద్దెకు బోయిన సొమ్ము కూటికి మిగులలేదు. వెలుతురున్న యింట నాకలితో కృశించిరి. ఇల్లు నిలుపుకొనుటకై తిండి తగ్గించు తల్లి బొంబాయిలోను గలదు, హైదరాబాదులోను గలదు, ఈ సభలో కూర్చున్న కుటుంబములలోను ఉండవచ్చును.

మనస్సు సంగతి కొలుచుట కష్టము. అద్దెయిండ్లనుండి వెడలగొట్టబడిన తల్లులను అమెరికాలో డెస్మండు మొదలగు పండితులు పరిశీలించి 2015లో ప్రకటించిన దానినిబట్టి, వారిలో విషాదరోగము హెచ్చుగా నుండుటయే గాక, కొన్ని బాధలు రెండేండ్ల తరువాతను విడువలేదు. మన పెద్దలు దీనిని వేఱు మాటలలో నెఱుగుదురు. నెలాఖరున తలుపు తట్టినవా డెవడో చూడకయే గుండె దడదడలాడుట, ఆకలి లేకుండుట, పిల్లవాని చదువు పాడగునని బడి మార్చకుండుటకై రెండుమైళ్లు నడిపించుట, ఊరికి ఉత్తరము వ్రాయునప్పుడు చిరునామా వ్రాయుటకు వెనుకాడుట. మా విద్యార్థులలో నొక సంవత్సరములో మూడిండ్లు మాఱిన బాలుడొకడుండెను. పద్యములు చక్కగా అప్పగించువాడు, నాలుగవ యింటికి మాఱు దినములలో నోరు విప్పుట మానెను. మందమతియని తోటి యుపాధ్యాయుడొకరు వ్రాసిరి. మేము దానికి సమ్మతింపలేదు.

1918లో బొంబాయిలో అద్దెల నరికట్టు చట్టము వచ్చెను. 1947 నాటి చట్టము అద్దెలను 1940 సెప్టెంబరు నాటి స్థాయికి కట్టివేసెను. ఇది మనవారికి మహోపకారము. తండ్రి వెనుక కొడుకు, భర్త వెనుక భార్య ఆ గదిలో నిలిచిరి. కాని యద్దె పెరుగనిచోట యజమాని మరమ్మతు మానెను. పగిడీ యను పేర దొంగచాటుగా పెద్ద మొత్తములు చేతులు మాఱెను. పైకప్పు పెచ్చులూడుచుండగా క్రింద నిశ్చింతగా నుండుట యొక విచిత్రమైన నిశ్చింత. 1982 జనవరి 18వ తేదీన దత్తా సామంతు నాయకత్వమున రెండున్నర లక్షలమంది మిల్లుకార్మికులు సమ్మెకు దిగి, పెక్కుమంది మరల పని యెఱుగరైరి. అప్పుడు కుటుంబములను నిలిపినది ఆ 160 అడుగుల గదియే. అది లేనివారు భివండి మరమగ్గముల షెడ్లకు బోయిరి. మరమగ్గముల ప్రక్కనే పండుకొనిన వారెందఱో గలరు.

గదియును లేనివారు కాలిబాటపై నుండిరి. 1981 జూలైలో, నడివానలలో, ముఖ్యమంత్రి అంతూలేగారి ప్రభుత్వము వారిని బస్సులలో నెక్కించి ఊరు దాటించుటకు పూనుకొనెను. ఓల్గా టెల్లిసు అను పత్రికారచయిత్రియు, కాలిబాటవాసులు కొందఱును సుప్రీంకోర్టున మొఱవెట్టిరి. 1985 జూలై 10వ తేదీన ప్రధానన్యాయమూర్తి చంద్రచూడుగారు, జీవించు హక్కులో జీవనోపాధి హక్కును జేరియున్నదని తీర్పు చెప్పిరి. గుడిసె యెత్తివేసిన దగ్గఱలోని పని పోవును, పని పోయిన ప్రాణము పోవును అని ఆ వాదము. మగ్గమును ఇంటిలో నుంచుకొన్న కులమునకు ఈ తర్కము క్రొత్తది గాదు. ఐతే ఆ తీర్పు వారిని నిలువనియ్యలేదు. నోటీసిచ్చి, వానలు వెలిసిన పిదప తీయవచ్చుననెను. మాట గొప్పది, ఫలము స్వల్పము.

షోలాపురమునకు వత్తము. 1877లో అచట తొలిమిల్లు వెలసినది మొదలు మనవారికి అది రెండవ తెలుగుదేశమైనది. మిల్లులు మూతబడగా పురుషులు మరమగ్గములకు, స్త్రీలు బీడీలకు మరలిరి. ఒకే గదిలో తునికాకు నానవేసి, పొగాకు చల్లుకొని, దాని ప్రక్కనే బిడ్డను పండవెట్టి బీడీలు చుట్టిన మన యాడపడుచుల దగ్గు వినినవారికి క్షయశబ్దపు టర్థభేదము నేర్పనక్కఱలేదు. ఆ స్త్రీలు నరసయ్య ఆడముగారి నాయకత్వమున సహకార సంఘము గట్టి, ఏండ్ల తరబడి పోరాడి, కుంభారి గ్రామమున పదివేల యిండ్లు సాధించిరి. గోదావరీ పరులేకరు పేరుగల ఆ కాలనీ యిండ్లను 2006లో ప్రధానమంత్రి మన్మోహనసింగుగారు అప్పగించిరి. పిమ్మట ముప్పదివేల యిండ్ల రేనగరు నిర్మాణము సాగి, 2024 జనవరి 19వ తేదీన పదునైదువేల యిండ్లను ప్రధానమంత్రి నరేంద్రమోదీగారు అప్పగించిరి. రాజకీయములలో మనలో మనకు భేదములు గలవు. ఆడముగారి ఎఱ్ఱజెండా కొందఱు పోషకులకు రుచింపదనియు ఎఱుగుదుము. ఐనను కులములో పుట్టినవారు చేసిన గృహనిర్మాణములలో దీనికి సాటి మా యెఱుకలో లేదు.

బొంబాయిలో ఇటీవలి కాలమున మార్గములకై తొలగింపబడిన గుడిసెలవారికి గోవండి, మాన్‌ఖుర్దు ప్రాంతములలో మేడలు గట్టి యిచ్చిరి. అచట ఏడంతస్తుల కట్టడముల నడుమ మూడు మీటర్ల యెడము గలదు. ఓర్ దొరగారి లెక్కప్రకారము పదిమీటర్లకు తక్కువ యుండరాదు. క్రిందిగదులలో పట్టపగలు దీపము వెలిగింపవలెను. 2018లో ఒక వైద్యసంఘమువారు పరిశీలించి, వెలుతురు గాలి తక్కువగానున్న ఆ గదులకును, అచట విరివిగానున్న క్షయరోగమునకును సంబంధము చూపిరి. ఆ యేడే ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించిన గృహారోగ్య సూత్రములలో క్రిక్కిరిసిన యిండ్లకు క్షయతోగల సంబంధము విశదముగా జెప్పబడినది. నూఱేండ్ల క్రిందట ఒక పరాయి దొర గీచిన కోణమును నేటి మనవారు గీయలేకపోయిరి. పట్టా చేతికి వచ్చినది, సూర్యుడు పోయినాడు.

వర్లీ చాళ్ల పునర్నిర్మాణము 2017లో మొదలయ్యెను. 160 అడుగుల గదికి బదులు 500 అడుగుల యిల్లు. 2025 ఆగస్టులో తొలి కుటుంబములు తాళపుచెవు లందుకొనిరి. సంతోషమే. కాని యిల్లు ఎవ్వరి కిత్తురు? కాగితమున పేరున్నవారికి. తాతగారి పేర నుండిపోయిన చీటీలు, ఇద్దఱన్నదమ్ముల నడుమ నలుగు గదులు, భర్త పేరు మార్పించుకొనని వితంతువులు మనలో గలరు. ఈ దిగులుతో రాత్రులు నిద్రలేనివారిని మేమెఱుగుదుము.

పోషకమహాశయులకొక మనవి. మీలో కొందఱు షోలాపురము, భివండి, సూరతు, హైదరాబాదు నగరములలో సాటి కులమువారికి గదు లద్దెకిచ్చియున్నారు. మీ దానధర్మములవలననే ఈ సభ జరుగుచున్నది, ఆ కృతజ్ఞత మఱువము. మీ గదుల కిటికీలకును ఎదుటిగోడకును నడుమ నెంత బయలున్నదో ఒకసారి కొలిపింపుడు. అద్దెచీటీలో భార్య పేరునుగూడ వ్రాయింపుడు. ఖాళీ చేయింపవలసివచ్చినచో బడి సెలవులవఱకైన నాగుడు. ఇవి ధర్మసత్రము గట్టించుటకంటె చౌక.

సభవారు కుటుంబ జాబితా తయారుచేయుదురని వింటిమి. కులగోత్రములు, ఇంటిపేరు, విద్య, వృత్తి అను గడులతోపాటు మఱి మూడు గడులుంచవలెనని కోరుచున్నాము: ఇంటి కాగితమెవ్వరి పేరనున్నది, పదేండ్లలో ఎన్ని యిండ్లు మాఱిరి, ఇంటిలో ఎవరికైన దీర్ఘకాలపు దగ్గుగాని, నిద్రలేమిగాని కలదా? మూడవ ప్రశ్నను పురుషులనుగాక స్త్రీలను వేఱుగా నడుగవలెను, మా యనుభవములో పురుషులు లేదనియే చెప్పుదురు. అచ్చుకూలి యెక్కువగునని కార్యదర్శులు జంకనక్కఱలేదు. ఆ యదనపు గడుల వ్యయమును మా పింఛనునుండి యిత్తుము.